సింహమును పులియు నొక బోనున

“సింహము గొప్పదా, పులి గొప్పదా? రెండును పోరాడిన నేది గెలుచును?” అని యడుగని విద్యార్థి యుండఁడు. విరామకాలమున బాలురును, ఇంటివద్దఁ బెద్దలును ఈ వాదము చేయుచునే యుందురు. నా యభిప్రాయమున నిది యడుగఁదగిన ప్రశ్నయే కాదు. అడుగవలసినది వేఱొకటి కలదు: ఆ రెండింటిని ఒక్కచోటఁ జేర్చినవా రెవరు? ఎవరి మేలుకొఱకుఁ జేర్చిరి?

నేఁడు అడవులలో నీ మృగములు రెండును కలిసికొనవు. ఆసియా సింహములకు గుజరాతులోని గిరి యరణ్యమును దాని పరిసరములును మాత్రమే నివాసములు. గిరిలోఁ బులులు లేవు. ఆఫ్రికా వనములలోఁ బులి లేనే లేదు.

నడవడియందును భేదము కలదు. సింహములు కుటుంబములుగా జీవించును. ఆఁడుసింహములు కూడి వేఁటాడును. మగసింహములు జట్టుకట్టి తమ పొలిమేరను గాచుకొనును. పులి యట్లు కాదు. అది యొంటిగాఁ దిరుగును, ఒంటిగా వేఁటాడును. తల్లియుఁ బిల్లలును దప్పఁ బెద్దపులులు కలసి నివసించుట యరుదు. పులి స్నేహముతోఁ బలుకరింపఁగోరినపుడు ముక్కుతో మెల్లని బుసధ్వని చేయును. సింహమున కా పలుకరింపు లేదు. ఒకరి భాష యొకరికి రాని యిరువురిని ఒక గదిలో నుంచి తాళము వేసిన నేమగును? అడవిలో నోడిన మృగము తొలగిపోవును. బోనులో నది యెచ్చటికిఁ బోఁగలదు? చిన్న కలహము ప్రాణాంతక మగుటకు ముఖ్యకారణ మిదియే.

2011వ సంవత్సరము మార్చినెలలో తుర్కీదేశపు అంకారా జంతుశాలలో, ప్రక్కప్రక్క ఆవరణములలో నున్న పులియు సింహమును నడిమి కంచెలోని సందువద్ద నెదుర్పడెను. పులి పంజాదెబ్బకు మెడనరము తెగి సింహము మరణించెను. పులి గెలిచినదని సంతసించువారు సంతసింతురు గాక! నాకందు గెలుపు గనఁబడదు. మనుష్యుఁడు గట్టిన కంచెయు, అందలి సందును మాత్రమే కనఁబడుచున్నవి.

అమెరికాలో క్లైడ్ బీటీ (1903–1965) యను శిక్షకుఁడు సింహములను బులులను ఒకే పంజరమునఁ జేర్చి ప్రదర్శించి మిక్కిలి పేరొందెను. ఆ ప్రదర్శనమునఁ జూపఱులకు విక్రయింపఁబడిన సరకు భయమే. కలకత్తాలోని అలీపూరు జంతుశాలలో మగపులికిని ఆఁడుసింహమునకును 1971లో రుద్రాణి యను టైగన్ పుట్టెను. వింత జంతువని జనులు దానిని జూడవచ్చిరి. ఇట్టి సంకరసంతానమున మగవి సంతానహీనములు; ఏ యడవియు వానికి స్వస్థలము గాదు. 1985లో భారతప్రభుత్వము నిషేధింపఁగా నా ప్రయోగములు నిలిచిపోయెను.

“కలసి మెలసి బ్రదికినవి లేవా?” యని కొందఱు వాదింతురు. కలవు, దానిని దాఁచుట న్యాయము గాదు. 2001లో అమెరికాలోని అట్లాంటా నగరమున పోలీసులు ఒక యింటిని సోదాచేయఁగా సింహపుఁబిల్ల, పులిపిల్ల, ఎలుఁగుపిల్ల దొరకెను. జార్జియా రాష్ట్రమందలి యొక సంరక్షణాలయమున లియో, షేర్‌ఖాన్, బాలూ అను పేళ్లతో నవి కలసి పెరిగెను. లియో 2016లోను, షేర్‌ఖాన్ 2018లోను మరణించువఱకు వాని చెలిమి చెడలేదు. శస్త్రచికిత్సకై బాలూను వేఱుచేసినపుడు తక్కిన రెండును మిక్కిలి కలఁతఁ జెందినవఁట.

అయినను దీనినుండి మన మేమి నేర్వవలెను? అవి తల్లులకు దూరమై, దుర్దశలో నొకదానికొకటి దిక్కైన పిల్లలు. శైశవమునుండి కలసి పెరిగినవి. ఆహారమునకై పోరాడవలసిన యక్కఱ లేనివి. ఆ చెలిమిని జూచి, ఎదిగిన సింహమును ఎదిగిన పులిని ఒక బోనునఁ ద్రోయవచ్చుననుట తప్పు. ఆ మూఁటిని విడఁదీయకుండుట యెంత ధర్మమో, కలహించువానిని విడిగా నుంచుటయు నంతే ధర్మము. రెండింటికిని సూత్ర మొక్కటే: మన వినోదము గాదు, వాని క్షేమమే కొలత.

మన దేశ మీ సూత్రమును గొంతవఱకు నంగీకరించినది. సింహములు, పులులు మొదలగు మృగములచే సర్కసులలో నాటలాడించుటను 1998లో ప్రభుత్వము నిషేధించెను. 2001లో సుప్రీంకోర్టు ఆ యుత్తరువును స్థిరపఱచెను. అట్లు విడుదలయైన మృగములలోఁ గొన్నింటికి మన విశాఖపట్టణమునందును తిరుపతియందును ఆశ్రయ మేర్పడెను.

కావున విద్యార్థులారా, మీరు జంతుశాలకుఁ బోయినపుడు గర్జన వినుటకై ఱాళ్లు విసరకుఁడు, కేకలు వేయకుఁడు. ఏది గెలుచునని కాపరి నడుగకుఁడు. ప్రతి మృగమునకు విడిగాఁ దినుటకుఁ జోటున్నదా, ఎదుటిదాని కంటఁబడక దాఁగుటకు నీడయున్నదా యని యడుగుఁడు. తలిదండ్రులును బిల్లల కీ ప్రశ్నలనే నేర్పుదురుగాక. మాటాడఁజాలని ప్రాణి పక్షమున నడుగవలసినవారము మనమే గదా!