గ్రంథాలయంలో ఒక పెట్టె పెట్టండి

పుదుచ్చేరిలో 1827లో మొదలైన రోమా రోలా గ్రంథాలయం గుమ్మం పక్కన పాత సీడీలు, డీవీడీల కోసం ఒక పెట్టె పెట్టాలి. మన అటకల మీద పెళ్ళి వీడియోలు, భక్తి పాటలు, ఒకప్పుడు మోజర్ బేర్ చవగ్గా అమ్మిన సినిమాలు అలాగే పడి ఉన్నాయి. ఆ కంపెనీ 2018లో మూతపడే దారి పట్టింది, సరుకు మన ఇళ్ళలో మిగిలింది. సుమారు 15 గ్రాములుండే ఒక్కో డిస్కులో దాదాపు అంతా పాలీకార్బొనేటే. మెరిసే అల్యూమినియం పూత, దాని మీది రక్షణ పొర, సిరా అన్నీ కలిపినా బహు స్వల్పం. ఆ పొరలు తొలగించి కరిగిస్తే మళ్ళీ పనికొచ్చే గట్టి ప్లాస్టిక్ చేతికొస్తుంది. అయితే రీసైక్లింగ్ గుర్తుల్లో దీనిది 7వ నంబరు, అంటే ‘ఇతరాలు’. ఒకటీ అరా తీసుకెళ్తే పాత సామాన్ల దుకాణం ఎందుకు కొంటుంది? బస్తాలకొద్దీ ఒకేచోట చేరితేనే బేరం కుదురుతుంది. చెత్తను ఓపిగ్గా రకాలుగా వేరుచేసే ఆరోవిల్ అనుభవం పక్కనే ఉంది, అడిగి నేర్చుకోవచ్చు. డిస్కులతో గోడ అలంకారాలు చేసే పిల్లలను మెచ్చుకుంటాను. పిట్టలను బెదరగొట్టడానికి చేలల్లో కట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు: ఎండకు పెళుసెక్కి ముక్కలై మట్టిలో కలుస్తాయి. ఇంకో మాట. ఇంట్లో రికార్డు చేసుకున్న డిస్కుల్లో రంగుపొర ఏళ్ళు గడిచేకొద్దీ చెడిపోతుంది, తాతగారి గొంతు అందులో ఉంటే ముందు కాపీ చేసుకోండి. పెట్టె పక్కనే డీవీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్ ఒకటి ఉంచితే ఆ పనీ అక్కడే అవుతుంది. యానాంలోనూ ఇలాంటిదే ఒకటి కావాలి.