చూసే డ్రోన్ కొండకి, మోసే డ్రోన్ మైదానానికా?



గవర్నర్‌పేట లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో కరెంట్ అఫైర్స్ పుస్తకాలు తిరగేస్తే సైనిక డ్రోన్ల రకాలు, ఉపయోగాలు అని ఒక పట్టిక కనిపిస్తుంది. హాస్టల్ రూమ్‌లో మేమూ దాన్ని బట్టీ పట్టాం. లక్ష్య అంటే సైనికులు గురి నేర్చుకోడానికి ఎగరేసేది. హెరాన్ ఇజ్రాయెల్‌ది, రోజంతా పైనే ఉండి కిందికి చూస్తుంది. హారోప్ కాసేపు తిరిగి, టార్గెట్ దొరకగానే తనే వెళ్ళి దానిమీద పడి పేలిపోతుంది. ఎంక్యూ-9బి చూస్తుంది, క్షిపణి కూడా వేస్తుంది. 2024 అక్టోబర్‌లో మన దేశం అలాంటివి 31 కొనడానికి అమెరికాతో సంతకం చేసింది. చివర్లో ఒక్క లైన్‌తో సరిపెట్టేది సరుకు మోసే డ్రోన్. హిమాలయాల్లో దారి లేని పోస్టులకి సైన్యం వీటితో సామాన్లు పంపుతోంది.

ఎంత ఎత్తు, ఎన్ని గంటలు, ఎంత బరువు, అన్నీ ఉన్నాయి. కింద ఎవరున్నారు అన్న కాలమ్ మాత్రం లేదు. మా గొడవంతా దాని గురించే.

హెరాన్ కింద ఎవరున్నారు? బస్తర్ అడవి మీద నిఘాకి వాడింది దాన్నే. ఆ అడవిలోని కోయవాళ్ళు, ఇటు చింతూరు కోయవాళ్ళు చుట్టాలే. డ్రోన్లతో బాంబులు వేశారని అక్కడి ఊళ్ళవాళ్ళు 2022లో, 2023లో చెప్పారు, పోలీసులు కాదన్నారు. ఇటు అల్లూరి జిల్లాలో గంజాయి తోటలు వెతకడానికి పోలీసుల చిన్న డ్రోన్లు తిరుగుతున్నాయి. గంజాయి పోవాలి, అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఆ కెమెరాలో తోటతో పాటు మన పెరళ్ళు, స్నానాల చోట్లు కూడా పడతాయి కదా!

ఇప్పుడు మైదానం చూడండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చి సింగ్‌నగర్ మునిగితే డ్రోన్లు అన్నం పొట్లాలు, మందులు మేడల మీదికి అందించాయి. మంచి పని, ఎవరూ కాదనరు. అక్టోబర్ 22న పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు వేసి 5 గిన్నిస్ రికార్డులు కొట్టాయి. ఆ నెలాఖర్లోనే మంగళగిరి ఎయిమ్స్‌కి, నూతక్కి పీహెచ్‌సీకి మధ్య వైద్య డ్రోన్ ఎగిరింది. నూతక్కికి ఆటో వెళ్తుంది. డోలీ కట్టే ఊళ్ళకి ఆటో వెళ్ళదు. మరి ముందు ఎక్కడ ఎగరాలి?

కొండల్లో గాలి ఎక్కువ, సిగ్నల్ ఉండదు అంటారు. గంజాయి వెతికేటప్పుడు ఆ గాలి లేదా? మంచుకొండల మీద సైన్యానికి లేని కష్టం పాడేరు కొండల్లో ఏముంది?

ఏజెన్సీలో డ్రోన్లు మొత్తం నిషేధించాలనే మనవాళ్ళూ ఉన్నారు. కోపం అర్థమవుతుంది, మాట మాత్రం తప్పు. పీహెచ్‌సీలో పాముకాటు మందు అయిపోయిన రాత్రి ఆ మాట అనగలమా? అలాగని డ్రోన్‌తో అంతా తీరదు. పురిటి నొప్పులొచ్చిన అక్కని అది మోయలేదు, దానికి రోడ్డే కావాలి. 2025 ఏప్రిల్‌లో అడవితల్లి బాట అని మొదలుపెట్టిన రోడ్లు పూర్తి కావాలి. డ్రోన్ ఇచ్చాం కదా, ఇంక రోడ్డెందుకు అంటే ఊరుకోం.

మేము అడిగేది ఇంతే. మందులకి, రక్తం శాంపిళ్ళకి డ్రోన్ రూటు వేస్తే ముందు ఏజెన్సీ పీహెచ్‌సీలకి వెయ్యాలి. నిఘా డ్రోన్ ఏ ఊరి మీద ఎన్నిసార్లు ఎగిరిందో, ఆ ఫొటోలు ఎవరి దగ్గరున్నాయో గ్రామసభకి చెప్పాలి. ముందే చెప్తే దొంగలు పారిపోతారంటారు. సరే, తర్వాతే చెప్పండి. 1996 పీసా చట్టం గ్రామసభకి విలువ ఇచ్చిందని పరీక్షలో మాచేత రాయిస్తున్నారు, మరి అది మా ఊళ్ళో కూడా కనపడాలి కదా.

పాడేరు ఐటీడీఏ పీవో గారికి అర్జీ రాస్తున్నాం. మీ ఊరి పేరు, పీహెచ్‌సీ ఎంత దూరం, వానాకాలంలో దారి ఏ గెడ్డ దగ్గర తెగుతుంది, ఈ మూడూ రాసి పంపండి.