చాట ముందు కూర్చున్న పాట

పోయిన నెల ఒక మధ్యాహ్నం ముగ్గురు విద్యార్థులు మా కార్యాలయానికి వచ్చారు. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి. మన పత్రికలో రెండేళ్ల కిందట అచ్చయిన ఒక కవితకు బాణీ కట్టుకున్నామని, దాన్ని వీడియోగా తీయడానికి కవిగారి అనుమతి కావాలని అడిగారు. కాలేజీలో చివరి ఏడాది ప్రాజెక్టు అట. మన కవితలు ఎవరెవరి స్టేటస్‌లలోనో పేరు లేకుండా తిరుగుతుంటే చూసి ఊరుకోవడం అలవాటైపోయిన మాకు, అనుమతి కోసం మనుషులే నడిచి రావడం కొత్త. కూర్చోబెట్టి టీ తెప్పించాం.

ఆ కవిత బీడీలు చుట్టే తల్లి గురించి. దర్శకత్వం చేసే అబ్బాయి సంచీలోంచి ఒక నోట్‌బుక్ తీశాడు. పేజీకి ఆరు గడులు గీసి, గడికో షాటు చొప్పున బొమ్మలు వేసుకున్నాడు. ఒక్కో బొమ్మ కింద ఎన్ని సెకన్లో రాసుకున్నాడు. నాలుగు నిమిషాల పాటకు డెబ్బై రెండు గడులు. ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది. మొదటి గడిలో గోల్కొండ కోట మీద సూర్యోదయం. రెండో గడిలో లంగా ఓణీ కట్టిన అమ్మాయి, జడనిండా పూలు, గాలికి ఎగిరే ఓణీ. ఆ తర్వాత బంతిపూల తోట, చెరువు గట్టు, పాడుబడిన దొర గడీ గుమ్మం. బీడీలు చుట్టే తల్లి యాభై మూడో గడిలో వచ్చింది, నాలుగు సెకన్లు. “సింగర్ ఇమేజ్ ముందు నిలబడాలి సార్. తల్లి వేషానికి ఎవరినైనా వెతకాలి” అన్నాడు.

పాడే అమ్మాయి అంతవరకూ నోరు విప్పలేదు. “ఈ పాట ఎవరు పాడుతున్నారమ్మా?” అని ఆమెనే అడిగాను. నోట్‌బుక్ వైపు కాసేపు చూసి, “బిడ్డ పాడుతది సార్, అమ్మకు. అమ్మ బీడీలు చేస్తాంటే పక్కన కూసోని” అంది. కొంచెం ఆగి, “మా అమ్మ గూడ బీడీలే చేస్తది. సెలవులకు ఇంటికి పోతే నేను గూడ చేస్తా” అంది. మూడేళ్లుగా ఒకే క్లాసులో కూర్చుంటున్న మిగతా ఇద్దరికీ ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

సాహిత్య పత్రికకు వీడియోలతో ఏం పని అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. ఇవాళ పాతికేళ్ల లోపు వాళ్లకు తెలుగు కవిత్వం అందుతున్న దారుల్లో అన్నిటికంటే పెద్దది పాటే. ఆ పాట వాళ్లకు ముందు కంటికి అందుతోంది, తర్వాతే చెవికి. కాబట్టి పాడే మనిషి తెర మీద ఎలా కనిపిస్తారన్నది కవిత్వానికి సంబంధించిన ప్రశ్నే అయింది.

మన సినిమా పుట్టినప్పుడు ఈ ప్రశ్న లేదు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి తన పాటలు తానే పాడుకుంది. నాగయ్య అలాగే పాడారు. ‘మల్లీశ్వరి’ నాటికి కూడా భానుమతి తన గొంతుతో తానే కనిపించింది. నేపథ్యగానం స్థిరపడ్డాక గొంతు ఒకరిది, మొహం ఒకరిది అయ్యాయి. తెలుగిళ్లలో ఘంటసాల, సుశీల గొంతులు ఎరగనివాళ్లు లేరు, అయినా ఆ గొంతులకు తెర మీద దాదాపు ఎప్పుడూ వేరేవాళ్ల పెదవులే. 1960లో ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’లో ఘంటసాల స్వయంగా కూర్చుని పాడుతూ కనబడితే జనం దాన్నొక విశేషంగా చెప్పుకున్నారు. ఇప్పుడు సినిమాతో పని లేకుండా యూట్యూబ్ కోసమే తీసే ప్రైవేటు పాటలు గొంతునూ మొహాన్నీ మళ్లీ కలిపాయి. ‘బాహుబలి’ మొదటి భాగంలో మోహన భోగరాజు పాడిన పాటను 2015లో తెలుగువాళ్లంతా విన్నారు. ఆమె ఎలా ఉంటుందో ఎక్కువమందికి తెలిసింది మాత్రం 2021లో, లక్ష్మణ్ రాసిన బుల్లెట్టు బండి పాటలో పెళ్లికూతురుగా కనిపించినప్పుడు. ఆ పాట ఆ ఏడాది ఊరూరా పెళ్లి బరాత్‌లలో మోగింది.

గొంతు, మొహం కలవడం మంచిదే. కానీ దాంతో పాటు ఒక బాధ్యత వచ్చింది. సినిమా పాటలో హీరోయిన్ ఏం కట్టినా అది ఆ పాత్ర చీర. ఇక్కడ పాత్ర లేదు. చూసేవాళ్లు అది ఆ పాడే పిల్లే అనుకుంటారు. ఊళ్లో, బస్సులో, రేపు పెళ్లిచూపుల్లో, ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా ఆ పిల్లను ఆ రూపంతోనే గుర్తుపడతారు.

అలాగని వేషం వద్దని నేను అనను. మన కాలంలో పాటగాడి రూపం అంటే అందరికంటే ముందు గుర్తొచ్చేది గద్దర్. గుమ్మడి విఠల్ అనే మనిషి పంజాబీ విప్లవకారుల గదర్ పార్టీ పేరును తన పేరు చేసుకున్నాడు. గోచీ, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఆ వేషంలో ఏ ముక్కా ఊరికే వచ్చింది కాదు. గొంగడి గొర్లకాపరిది, గోచీ మడిలో దిగే రైతుకూలీది, గజ్జెలు రాత్రంతా కథ చెప్పే కళాకారుడివి. ఎవరి కష్టం గురించి పాడుతున్నాడో వాళ్ల పనిబట్టల్ని ఒంటి మీద వేసుకున్నాడు. గౌతమ్ ఘోష్ తీసిన, 1980లో విడుదలైన ‘మా భూమి’లో బండి యాదగిరి పాటను ఆయనే తెర మీద పాడాడు. ఆ పాట ఇప్పుడు చూసినా పాత సినిమా పాట చూస్తున్నట్టు అనిపించదు, ఎదుట మనిషి నిలబడి పిలుస్తున్నట్టు ఉంటుంది. అది ఆలోచించి, ఎంచి, కట్టుకున్న రూపమే. కట్టుకున్నంత మాత్రాన అబద్ధం కాలేదు. రూపం ఎక్కడి నుంచి తెచ్చుకున్నామన్నదే నాకు ముఖ్యం.

ఇప్పుడు ఎక్కడి నుంచి తెస్తున్నారు? ముందు వచ్చిన వీడియోలోంచి. జానపదం అనగానే లంగా ఓణీ, ఎడ్లబండి, బిందె. ర్యాప్ అనగానే గొలుసు, గోడ మీద రంగుల రాతలు, చీకటి సందు. విరహం అనగానే వాన. ఒక పాటకు నప్పిన ఓణీని వంద పాటలకు తొడిగితే ఆ వంద గొంతుల్లో ఏది ఎవరిదో పోల్చుకోలేం. ఇంకొకటి నన్ను బాగా బాధపెడుతుంది. మొహాన్ని నున్నగా, రెండు పాళ్లు తెల్లగా చేసే ఫిల్టర్లు. మట్టి గురించి, ఎండ గురించి రాసిన మాటల్ని పాడుతున్న పిల్ల మొహంలోంచి ఎండనే తుడిచేస్తున్నారు. నల్లగా ఉన్న పిల్లకు “నువ్వు పాడు, తెర మీద మాత్రం మేం దిద్దిన మొహం ఉంటుంది” అని చెప్పడమే అది. గొంతుకు ఇంతకంటే అవమానం ఉండదు.

పాడిన మనిషి బతుకుకూ తెర మీది రూపానికీ మధ్య దూరం ఎంత ఉండగలదో దర్శనం మొగులయ్య మనకు చూపించాడు. నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని వచ్చాడు. 2021లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటకు ఎత్తుగడ ఆయన గొంతుతోనే. తలపాగా, భుజాన కిన్నెరతో ఆయన రూపం లక్షల ఫోన్లలోకి వెళ్లింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన ఒక నిర్మాణం దగ్గర కూలిపని చేస్తున్న దృశ్యాలు వార్తల్లో వచ్చాయి. మనం మెచ్చుకున్నది బొమ్మను. ఆ బొమ్మ వెనక మనిషికి నెల గడవాలన్న సంగతి మనకు పట్టలేదు.

ఇక ఖర్చు మాట. డబ్బు లేదని విద్యార్థులు కుంగిపోతుంటారు. వాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ పాటకు 1965లో తీసిన చిన్న చిత్రం గురించి. పెన్నెబేకర్ తీశాడు. లండన్‌లో సవాయ్ హోటల్ వెనక సందు. డిలన్ చేతిలో అట్టముక్కల దొంతర. పాటలోని ముఖ్యమైన మాటలు ఒక్కో అట్ట మీద రాసి ఉంటాయి. మాట రాగానే అట్ట చూపించి కింద పడేస్తుంటాడు. ఆయన పెదవి కూడా కదపడు. కెమెరా కదలదు. వెనక ఓ పక్కన కవి అలెన్ గిన్స్‌బర్గ్ నిలబడి ఉంటాడు. మొత్తం అంతే. అరవై ఏళ్లయినా జనం దాన్ని చూస్తున్నారు, ఎందుకంటే అందులో ఒక ఊహ ఉంది, అది ఆ పాటలోంచే పుట్టింది. మాటలు కుప్పతెప్పలుగా వచ్చి పడే పాట అది, అందుకని మాటల్నే కుప్ప పోశారు.

ఆ చిత్రం చూసినప్పుడల్లా మన లిరికల్ వీడియోలు గుర్తొస్తాయి. తెలుగు పాటలోని మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో వేస్తున్నారు. పాట నేర్చుకోవాలనుకునే పిల్లవాడు ళకూ లకూ, ణకూ నకూ తేడా తెలియకుండానే నేర్చుకుంటున్నాడు. మన లిపి గుండ్రంగా, తెర మీద చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని వాడుకోకపోవడం నాకు ఎన్నటికీ అర్థం కాదు.

నోట్‌బుక్ దగ్గరికి వద్దాం. ఆ అబ్బాయికి సాంకేతికంగా చాలా తెలుసు. నెమ్మదిగా కదిలే దృశ్యంలో పెదవులు పాటతో ఎలా కలుస్తాయో నాకు అతనే చెప్పాడు. సెకనుకు ఇరవై ఐదు ఫ్రేముల చొప్పున చూపించే వీడియోకు యాభై ఫ్రేముల చొప్పున తీస్తారు. తీసేటప్పుడు పాటను రెట్టింపు వేగంతో వినిపిస్తారు, పాడే మనిషి ఆ వేగానికే పెదవి కదపాలి. తర్వాత సగం వేగానికి దించితే పెదవి పాట మీద కూర్చుంటుంది, గాలీ వెంట్రుకలూ మాత్రం మెల్లగా కదులుతాయి. ఉత్తినే పెదవి ఆడిస్తే మెడ నరాలు కదలవు, చూసేవాడికి తెలిసిపోతుందని, అందుకని ప్రతి టేకులోనూ గొంతెత్తి నిజంగా పాడించాలని కూడా అన్నాడు. గొంతెత్తి పాడితే ఫోన్‌లోంచి వచ్చే పాట వినిపించదు, పెద్ద స్పీకర్ కావాలి.

ఇంత తెలిసినవాడు తన సింగర్‌ను అంతవరకూ ఒక్క మాట అడగలేదు. ఆ రోజు అక్కడే అడిగాడు: “నువ్వు ఇంట్ల ఎట్ల కూసుంటవ్?”

ఆ అమ్మాయి కుర్చీ దిగి మా ఆఫీసు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్లో చాట ఉన్నట్టు చేతులు పెట్టింది. నానబెట్టిన తునికాకు మీద రేకు పెట్టి కత్తెరతో కత్తిరించడం, చిటికెడు తంబాకు పరవడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. చేతిలో ఏమీ లేదు. అయినా బొటనవేలు, చూపుడువేలు ఆకును తిప్పుతున్నట్టే తిరిగాయి. అలా చేస్తూనే పల్లవి అందుకుంది. పాట తాళం చేతి పని తాళంతో కలిసింది. దారం తెంపే చోట ఊపిరి తీసుకుంది. ఆ బాణీ ఆ అమ్మాయే కట్టిందని అప్పుడు తెలిసింది. మరెలా కడుతుంది, ఆ పని నడకే కదా పాట నడక.

అబ్బాయి మాట్లాడకుండా నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పాడు.

బట్టల సంగతి వచ్చింది. “ఇంట్ల చుడీదారే సార్. చున్నీ తంబాకుల పడకుంట నడుముకు చుట్టుకుంట” అంది. ఆ నడుముకు చుట్టిన చున్నీని ఏ కాస్ట్యూమ్ డిజైనరూ ఊహించలేడు. తర్వాత, “కమ్మలు మాత్రం కొత్తయి పెట్టుకుంట” అంది. పని ముందు కూర్చుని కొత్త కమ్మలెందుకమ్మా అని అనబోయి ఆగాను. ఆమె మీద ఓణీ రుద్దిన వాళ్లకూ పేదరికం రుద్దబోయిన నాకూ తేడా ఏముంది? కూతురి పాట తీయడానికి ఇంటికి కెమెరా వస్తుంటే ఆ ఇంట్లో కమ్మలు పెట్టుకుంటారు. అదీ నిజమే. ఆ నిజాన్ని ఎంచే హక్కు ఆ పిల్లది.

అక్కడి నుంచే తల్లికి ఫోన్ చేశారు. వీడియోలో కనిపించాలంటే ఆమె ఒప్పుకోలేదు. కూతురు బతిమాలింది, అబ్బాయిలు బతిమాలారు. “మొహం ఎందుకు బిడ్డా, చేతులు తీస్కోండ్రి” అంది ఆమె. దర్శకుడి మొహం చిన్నబోయింది. ఒక మంచి క్లోజప్ పోయిందని అతని బాధ. కాసేపటికి, సరే అన్నాడు. కొత్త పేజీలో మొదటి గడిలో రెండు చేతులు గీశాడు.

కవిగారు కామారెడ్డి వైపు ఒక ఊళ్లో బడిపంతులు. ఫోన్‌లో వెంటనే ఒప్పుకున్నారు. అనుమతి పత్రం నేనే రాశాను. వీడియో మొదట్లో కవి పేరు, బాణీ కట్టి పాడిన అమ్మాయి పేరు తెలుగు అక్షరాల్లో ఒకే సైజులో వేయాలని, మొహానికి ఫిల్టర్ వాడకూడదని, విడుదలకు ముందు తల్లీకూతుళ్లకు చూపించి వాళ్లు తీసేయమన్న షాటు తీసేయాలని అందులో రాశాను. ఎప్పుడైనా దానికి డబ్బంటూ వస్తే కవికీ స్వరకర్తకూ వాటా ఉండాలని కూడా రాశాను. పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ హక్కును వదులుకుంటూ సంతకం పెట్టినా అది చెల్లకుండా 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. కాలేజీ పిల్లలకు అది ఇప్పటి నుంచే తెలిసి ఉండాలి. మన కవులలోనూ చాలామందికి తెలియదు.

షూటింగ్ ఈ వచ్చే సెలవుల్లో, ఆ అమ్మాయి ఇంటి అరుగు మీద. స్పీకర్ అద్దెకు వాళ్ల దగ్గర డబ్బు సరిపోలేదు. మా పుస్తకావిష్కరణ సభలకు వాడే పాత స్పీకర్ ఉంటే, పొడుగాటి వైరుతో సహా ఆటోలో వేసుకుని పట్టుకెళ్లారు.