గాలి తుపాకీ ఆట – కంటికి గండం

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నయాపూల్ ప్రాంతం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరానికి ముందుగా జవాబు చెప్పాలి. వాళ్లబ్బాయికి 14 ఏళ్లు. ప్లాస్టిక్ నీళ్ల గొట్టాలు, సైకిల్ పంపు తెచ్చి ఇంట్లోనే గాలి తుపాకీ తయారు చేశాడట. రోజూ దానికి ఏదో ఒక మార్పు చేస్తూ, డాబా మీద ఖాళీ డబ్బాలు పేర్చి చిన్న గుండ్లతో కొడుతున్నాడట. చదువు పాడవుతుందేమో, దాన్ని విరగ్గొట్టి పారెయ్యమంటారా, లేక వాడి తెలివిని మెచ్చుకోమంటారా అని రెండు పేజీలు రాశారు. చివర ఒకే ఒక్క వాక్యం ఉంది. మూడు రోజుల కిందట చెల్లెలి కంట్లో ఒక గుండు తగిలిందనీ, ఆ రోజు ఎర్రబడి మర్నాటికి తగ్గిపోయిందనీ.

అమ్మా, రెండు పేజీల సంగతి తర్వాత చూద్దాం. ఆ ఒక్క వాక్యమే అసలు జబ్బు. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు గనుక మీకు విడిగా జాబు రాశాను. పాపను వెంటనే కంటి డాక్టరుకు చూపించమని అందులో చెప్పాను. అయితే ఇటువంటి గుండు తగిలిన పిల్లలు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉంటారు. రంజాన్‌కు పెద్దలిచ్చే ఈదీ డబ్బులతో కొన్న బొమ్మ పిస్తోలు కావచ్చు, దసరా తిరునాళ్లలో కొన్నది కావచ్చు, ఇంట్లో చేసుకున్నది కావచ్చు. అందరికీ పనికివస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చిన్న గుండుకే పెద్ద ప్రమాదం

మన కనుగుడ్డు అడ్డంగా సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని చుట్టూ ఎముకల గూడు ఉంది. క్రికెట్ బంతో, పిడికిలో వచ్చి తగిలితే దెబ్బలో ఎక్కువ భాగం ఆ ఎముకల అంచు మీద పడుతుంది. కానీ 6 మిల్లీమీటర్ల గుండుకు ఆ గూడు అడ్డురాదు. తిన్నగా లోపలికి దూసుకువచ్చి గుడ్డు మీదే తగులుతుంది. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర నడిమధ్య అర మిల్లీమీటరు మందమే ఉంటుంది.

బొమ్మ తుపాకుల్లో వాడే ప్లాస్టిక్ గుండు 0.2 గ్రాముల బరువుంటుంది. అది సెకనుకు 100 మీటర్ల వేగంతో పోతే, 100 గ్రాముల తూకపు రాయి మీటరు ఎత్తు నుంచి పడినంత శక్తి దానిలో ఉంటుంది. ఆ శక్తి అంతా శనగగింజంత చోట దిగుతుంది. వేగం రెట్టింపయితే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. పిల్లలు ఇంట్లో చేసే మార్పులన్నీ ఈ వేగం పెంచడానికే. పైగా ప్లాస్టిక్ గుండు బదులు ఉక్కు గుండు వేస్తే బరువూ పెరుగుతుంది. కొన్న బొమ్మకు ఒక హద్దు ఉండవచ్చు. ఇంట్లో చేసినదాని హద్దు చేసినవాడికే తెలియదు.

ఇంకొక సంగతి. గురిపెట్టి కొట్టినవాడికంటే పక్కన నిలబడి చూసేవాళ్లకే ఎక్కువ భయం. ఉక్కు గుండు గోడకో డబ్బాకో తగిలి వెనక్కి ఎగురుతుంది. పాతబస్తీ ఇరుకు గల్లీల్లో, ఇంటికి ఇల్లు ఆనుకుని ఉండే డాబాల మీద అది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

పైకి మానినా లోపల మానకపోవచ్చు

కంటికి గట్టి దెబ్బ తగిలితే నల్లగుడ్డుకూ దాని మీది పారదర్శకమైన పొరకూ మధ్య ఉన్న గదిలో రక్తం చేరవచ్చు. అది కొద్దిగా ఉంటే పైకి కనిపించకపోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గినట్టే ఉంటుంది. కానీ మొదటి అయిదారు రోజుల్లో మళ్లీ రక్తం కారే భయం ఉంది. ఈ రెండోసారి కారడం మొదటిదానికంటే చెడ్డది. అందుకే మూడోనాటికి ఎరుపు పోయిందని నిశ్చింతగా ఉండకూడదు.

అలాగే కంటిలోని కటకం దెబ్బతిని చిన్న వయసులోనే శుక్లం రావచ్చు. వెనకనున్న రెటీనా పొర చిరగవచ్చు. కంట్లో నీరు బయటికి పోయే దారి దెబ్బతింటే, నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో నీటికాసులు రావచ్చు. అప్పటికి ఆ దెబ్బ సంగతే ఇంట్లోవాళ్లు మరిచిపోయి ఉంటారు. కాబట్టి గుండు తగిలిన కన్నును ఇప్పుడు పరీక్ష చేయించడమే కాదు, ఆ తర్వాత కూడా ఏడాదికొకసారి చూపిస్తుండాలి.

ఇంట్లో చేయదగిన చిన్న పరీక్ష

పసిపిల్లలు ఒక కంటి చూపు తగ్గిందని చెప్పరు. రెండో కన్ను బాగానే కనిపిస్తుంది గనుక వాళ్లకే తెలియదు. గోడ క్యాలెండరు ముందు నిలబెట్టి, ఒక కంటికి అరచెయ్యి అడ్డం పెట్టి అంకెలు చదివించండి. తర్వాత రెండో కంటికి అలాగే చేయండి. చేత్తో కంటిని నొక్కవద్దు. మంచి కన్ను మూస్తే బిడ్డ గింజుకుంటే దెబ్బ తగిలిన కన్ను సరిగా చూడడం లేదన్నమాట. అన్నీ సరిగా చదివినా డాక్టరు పరీక్ష తప్పదు. ఇది దానికి బదులు కాదు.

చూపు మసకబారినా, నల్లగుడ్డు అడుగున ఎర్రని గీత కనిపించినా, కంటిపాప గుండ్రంగా లేకపోయినా, నల్లచుక్కలు తేలుతున్నాయన్నా, మెరుపులు కనిపిస్తున్నాయన్నా, వాంతులైనా తెల్లవారేదాకా ఆగవద్దు. నగరంలో ఉన్నవారికి మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. ఊళ్లలో ఉన్నవారు దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్లండి.

గుండు తగిలిన వెంటనే

కన్ను నలపనీయవద్దు. నొక్కి కట్టుకట్టవద్దు. చిన్న కాగితపు కప్పు తెచ్చి, దాని అంచు కంటి చుట్టూ ఉన్న ఎముక మీద ఆనేటట్టు పెట్టి, పైన అతికించండి. గుడ్డుకు ఏదీ తగలకూడదు. తలకింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టండి. ఏదైనా గుచ్చుకుని ఉంటే లాగవద్దు. గుడ్డు చిట్లిందన్న అనుమానం ఉంటే నీళ్లతో కడగవద్దు. చనుబాలు, ఆముదం, రోజ్‌వాటర్, నందివర్ధనం పూలు – ఇవేవీ వద్దు. ఇంట్లో మిగిలిన చుక్కల మందు అసలే వద్దు. నొప్పికి ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి మాత్రలు ఇవ్వవద్దు, వాటివల్ల రక్తం కారడం ఎక్కువ కావచ్చు. ఆపరేషన్ అవసరం కావచ్చు గనుక దారిలో తిండి పెట్టవద్దు. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించారో గుర్తుచేసుకుని డాక్టరుకు చెప్పండి.

గుండు ఉక్కుదైతే ఆ మాట తప్పక చెప్పాలి. ఒంట్లో ఇనుము ఉన్నవారికి ఎమ్మారై తీయకూడదు. వీలైతే అటువంటి గుండు ఒకటి వెంట తీసుకువెళ్లండి. దెబ్బలు తింటానని భయపడి పిల్లవాడు గుల్లరాయి తగిలిందనో, తలుపు తగిలిందనో చెబుతాడు. కోప్పడకుండా అడిగితేనే నిజం చెబుతాడు. ఆ నిజం మీదే వైద్యం ఆధారపడుతుంది.

లూయీ బ్రెయిల్ 1809లో ఫ్రాన్సులో పుట్టాడు. మూడేళ్ల వయసులో తండ్రి తోలుపని చేసే చోట ఆడుకుంటూ పనిముట్టుతో ఒక కన్ను పొడుచుకున్నాడు. అయిదేళ్లకు రెండో కంటి చూపు కూడా పోయింది. దెబ్బ తగిలిన కన్నువల్ల తగలని కన్ను కూడా చెడడం అరుదే గాని, లేకపోలేదు. ఒక కన్నేగదా అనుకోకూడదు.

గొట్టమే పేలితే

పీవీసీ గొట్టాలు నీళ్ల కోసం చేసినవి. వాటి మీద అచ్చువేసిన ఒత్తిడి అంకెలు నీటికి సంబంధించినవి. నీరు నొక్కితే అణగదు. గొట్టం పగిలితే నీరు చిమ్మి, ఒత్తిడి వెంటనే పడిపోతుంది. గాలి అలా కాదు. నొక్కిన గాలి స్ప్రింగులాగా కాచుకుని ఉంటుంది. గొట్టం చిట్లగానే విప్పారి, ఆ ముక్కలను కత్తుల్లా విసురుతుంది. ఎండకు డాబా మీద పడున్న గొట్టం ఇంకా పెళుసవుతుంది. ఆ ముక్కలు ముఖంలో దిగితే ఎక్స్‌రేలో కూడా సరిగా కనిపించకపోవచ్చు.

2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో కార్బైడు వేసి పేల్చే ప్లాస్టిక్ గొట్టాల తుపాకులతో వందమందికి పైగా పిల్లలు కంటి దెబ్బలతో ఆసుపత్రుల్లో చేరారు. కొందరికి చూపు పోయింది. అది గాలితో కాదు, వాయువు మండి పేలేది. అటువంటిదాంతో కంట్లో మందు పడితే మాత్రం వెంటనే మంచినీళ్లు ధారగా పోస్తూ కడగాలి. గుండు దెబ్బకు కడగకూడదు, మందు పడితే కడగాలి. ఈ తేడా గుర్తుంచుకోండి.

మరి పిల్లవాణ్ణేం చేయాలి?

విరగ్గొడితే మీకు తెలియకుండా ఇంకొకటి చేస్తాడు. గాలిని నొక్కి గుండు విసరడం కొత్త వింత కాదు. బస్తర్‌లో జగదల్‌పూర్ రథయాత్రకు పిల్లలూ పెద్దలూ వెదురు గొట్టంలో అడవి కాయలు పెట్టి ‘తుప్కీ’ పేలుస్తారు. సూత్రం అదే. మీవాడికి ఆ సూత్రం బోధపడిందంటే బుద్ధిమంతుడే. దగ్గర కూర్చోబెట్టుకుని, చెల్లెలి కంటి పరీక్షకు వాణ్ణి కూడా తీసుకువెళ్లండి. డాక్టరు చెప్పేది వాణ్ణే విననివ్వండి. తర్వాత ఆ తుపాకీని వాడి చేతనే విడగొట్టించండి.

గురి మీద మోజుంటే దానికి తగిన చోటుంది. గాలి రైఫిల్ 1984 నుంచి ఒలింపిక్ క్రీడ. మన హైదరాబాదువాడైన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో 10 మీటర్ల గాలి రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచాడు. అక్కడ ఆజ్ఞ లేనిదే గుండు నింపరు, గురికీ తుపాకీకీ మధ్య మనిషి ఉండడు. యంత్రం మీద మోజుంటే స్కూలు సైన్సు మాస్టారి దగ్గరికి పంపండి.

బొమ్మలు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకు అది తప్పనిసరి. గుండ్లు విసిరే బొమ్మ ఏదైనా చిన్నపిల్లలున్న ఇంట్లోకి రానివ్వకపోవడమే మేలు. మామూలు కళ్లజోడు రక్షణ కాదు, అద్దం పగిలి అదే గుచ్చుకుంటుంది.

చివరగా, మీ ఇంట్లో ఏ పిల్లకైనా, పిల్లవాడికైనా ఎప్పుడో ఇటువంటి దెబ్బ తగిలి, ఆ మాట మరుగున పడి ఉంటే, ఇవాళ సాయంత్రం క్యాలెండరు ముందు నిలబెట్టండి. రేపు ఉదయం ఆసుపత్రికి తీసుకువెళ్లండి.