గుడిమల్లాన్నీ చూపించాలి

తిరుపతి దగ్గర ఏర్పేడు మండలంలోని గుడిమల్లం పరశురామేశ్వరాలయం తెలుగునేల మీద మిగిలిన అతి పాత శైవక్షేత్రాల్లో ఒకటి. గర్భగుడిలోని లింగం క్రీస్తుపూర్వం 2-1 శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల అభిప్రాయం. దాదాపు 5 అడుగుల ఆ లింగం ముందుభాగాన శివుడు యక్షుడి భుజాలెక్కి నిలబడి ఉంటాడు. కుడిచేత వెనకకాళ్లు పట్టి వేలాడదీసిన పొట్టేలు, ఎడమచేత చిన్న పాత్ర, భుజాన గొడ్డలి. ఒంటిమీది పలుచటి బట్ట మడతలు సైతం రాతిలో తెలుస్తాయి. పల్లవ, బాణ, చోళ రాజుల కాలపు శాసనాలూ ఇక్కడ ఉన్నాయి. రాజ్యాలు మారినా గుడికి ఆదరణ తప్పలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 1954 నుంచి ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గుడి మీద ఇలాంటి ఆదరణ ఈ నేలకే పరిమితం కాలేదు; దేశం దాటిన తెలుగువారూ గుడినే ఆసరా చేసుకున్నారు. 19వ శతాబ్దంలో చెరకుతోటల కూలికి మారిషస్ వెళ్లినవారు రామభజనలను, అమ్మోరు పండుగను నిలుపుకున్నారు. అమెరికాలో పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం 1976లో తిరుమల నమూనాలో వెలసింది. ఆ శ్రద్ధ మెచ్చదగ్గదే. అయితే సెలవులకు పిల్లలతో తిరుపతి వచ్చే ప్రవాసులు తిరుమల, శ్రీకాళహస్తి చూసి వెనుదిరగకుండా గుడిమల్లానికీ ఒక పూట కేటాయించాలి. వచ్చినవారికి అర్థమయ్యేలా ఆ శాసనాల సారాంశాన్ని నేటి తెలుగులో, ఇంగ్లీషులో రాయించి ప్రాంగణంలో పెట్టించడం పురావస్తు శాఖ వెంటనే చేయాల్సిన పని.