చివరి పేజీల్లో తుపాకీ

పాట్రీషియా కార్న్‌వెల్ ‘పోస్ట్‌మార్టెమ్’ (1990) చదివినవాళ్లు ఆఖర్లో ఊపిరి బిగబట్టే ఉంటారు. నేనూ అంతే. నా గొడవంతా ఆ ఆఖరుతోనే. ముగింపు చెప్పేస్తున్నాను కాబట్టి, ఇంకా చదవనివాళ్లు చదివాకే రండి.

వర్జీనియా రాష్ట్రం, రిచ్‌మండ్ నగరం. ఆడవాళ్లని వాళ్ల పడగ్గదుల్లోనే ఒకడు వరసగా గొంతు బిగించి చంపుతుంటాడు. ఆ రాష్ట్రపు చీఫ్ మెడికల్ ఎగ్జామినర్ కే స్కార్పెటా శవపరీక్షలు చేస్తూ వాడి కోసం వెతుకుతుంది. కార్న్‌వెల్ నిజంగా ఆ ఆఫీసులో పనిచేసిన మనిషి. అందుకే లేజర్ వెలుతుర్లో శవం మీద మెరిసే పొడి ఏమిటో తేల్చడానికి పేజీలకి పేజీలు తీసుకున్నా విసుగు రాదు. డిటెక్టివ్ మెరీనో మాత్రం ఒక హతురాలి మొగుడే హంతకుడని ముందే తీర్మానించేస్తాడు. స్కార్పెటా ఒప్పుకోదు. సాక్ష్యం ఏం చెబుతుందో చూద్దాం అంటుంది. చివరికి ఆమె మాటే నిజమవుతుంది.

మరి కథ ఎలా ముగుస్తుంది? హంతకుడు స్కార్పెటా పడగ్గదిలోకి దూరతాడు. మెరీనో వచ్చి కాల్చేస్తాడు. విచారణ లేదు, కోర్టు లేదు. అన్ని పేజీలు సాక్ష్యం కోసం ఓపిక పట్టమన్న నవల, అంచనా తప్పిన మనిషి తుపాకీకే ఆఖరి మాట ఇచ్చేసింది.

‘థ్రిల్లర్ కదండీ, కోర్టు వాయిదాలు రాస్తే ఎవరు చదువుతారు?’ అంటారు. సరే, ఈ నవలకి ప్రేరణ అని చెప్పే అసలు కేసు చూడండి. 1987లో రిచ్‌మండ్‌లో వరస హత్యలు చేసిన తిమోతీ స్పెన్సర్‌కి 1988లో శిక్ష పడింది. డీఎన్‌ఏ సాక్ష్యంతో ఒక వరస హంతకుడి నేరం రుజువవడం అమెరికాలో అదే మొదలు. అయితే 1984లో అదే రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో జరిగిన హత్యకి అప్పటికే ఇంకొకతను జైల్లో ఉన్నాడు. పోలీసుల ఇంటరాగేషన్‌లో నేరం ఒప్పుకున్నట్టు మాట్లాడాడు. వెంట్రుకలు సరిపోలుతున్నాయని ల్యాబ్ కూడా చెప్పింది. మరణశిక్ష భయంతో శిక్షకి తలవంచాడు. ఆ హత్య కూడా స్పెన్సర్ పనేనని దర్యాప్తులో తేలాక, 1989 జనవరిలో అతన్ని వదిలేశారు. దాదాపు ఐదేళ్లు పోయాయి. ప్రాణం మాత్రం మిగిలింది.

1984లోనే ఎవరో ఒక మెరీనో అతన్ని కాల్చేసి ఉంటే? ఊరంతా చప్పట్లు కొట్టేది. కేసు మూసేసేవాళ్లు. తప్పు దిద్దుకోవడానికి మనిషే ఉండేవాడు కాదు.

ఆ చప్పట్లు మనకి తెలియనివా? 2019 డిసెంబర్‌లో షాద్‌నగర్ దగ్గర నలుగురు నిందితుల్ని ఎన్‌కౌంటర్ చేసినప్పుడు పోలీసుల మీద పూలు చల్లాం. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని 2022లో సిర్పూర్కర్ కమిషన్ చెప్పింది. ఆ రిపోర్టు మనలో ఎంతమందిమి చదివాం? ఆ అమ్మాయికి జరిగిన ఘోరం ఎలా జరిగిందో, ఎవరు ఏం చేశారో కోర్టులో తేలాల్సింది. ఆ అవకాశం ఆ తెల్లవారుజామునే పోయింది.

థ్రిల్లర్లు మానేయమనడం లేదు. నేనూ మానను. కానీ శవపరీక్ష చేసే డాక్టర్‌ని హీరోగా పెట్టుకున్న కథ, ఆమె చేసిన పని ఎదురు ప్రశ్నలకి నిలబడుతుందో లేదో చూపించాలి. ఆమె బోనెక్కి సాక్ష్యం చెప్పే సీన్‌తో ముగిసే థ్రిల్లర్ ఎవరైనా రాయండి. ఊపిరి బిగబట్టే చదువుతాను.