టైమింగ్ చెయినూ, డబుల్ రోలర్ మోజూ

మొన్న శనివారం పొద్దున్నే గరాజ్‌లో కూర్చుని, చేతిలో ఉన్న స్ప్రాకెట్‌నీ ఇంజన్‌లో ఉన్న కామ్‌షాఫ్ట్‌నీ మార్చి మార్చి చూశాను. ఇక్కడ మూడు బోల్టులు, అక్కడా మూడే. కానీ ఛస్తే కలవవు! రెండు వారాలు తెగ చదివి, బోలెడు డాలర్లు పోసి కొన్న డబుల్ రోలర్ సెట్టు అది.

డాలస్ వచ్చిన మూడో ఏడు, పెళ్ళి కాకముందే తీరాల్సిన సరదా కదా అని, 1979 కమారో జెడ్28 ఒకటి పాతది కొన్నాను. 350 ఇంజన్, అంటే 5.7 లీటర్లు. ఈ మధ్య లాగడం తగ్గింది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంక్‌ని రెంచితో అటూ ఇటూ తిప్పితే, రోటర్ కదిలేలోపు క్రాంక్ పది డిగ్రీలు ఊరికే తిరుగుతోంది. చెయిను సాగిందన్నమాట. (నిజానికి ఇనుము సాగదు, లింకుల పిన్నులు అరుగుతాయి. అరిగిన కొద్దీ కామ్ వెనకబడుతుంది, వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి.)

మా ఆఫీసులో గుంటూరు మిత్రుడొకడున్నాడు. "బావా, ఎలాగూ విప్పుతున్నావు కదా, ఉన్నదాంట్లో ఖరీదైంది వేసెయ్" అన్నాడు. వేశాను... వెయ్యబోయాను :)

తప్పు పూర్తిగా నాదే. కారు 1979ది కాబట్టి 1979 సెట్టు తెప్పించాను. పాత యజమాని ఎప్పుడో తొంభైల నాటి పికప్ ట్రక్కు ఇంజన్ దించి ఇందులో పెట్టాడు. బయటనుంచి చూస్తే రెండూ కవలపిల్లలే. కానీ 1987 నుంచి వచ్చిన రోలర్ కామ్ ఇంజన్లలో కామ్ ముందు ఒక రిటెయినర్ ప్లేటు ఉంటుంది, స్ప్రాకెట్ బోల్టుల వలయం చిన్నది. బ్లాక్ వెనక గేర్‌బాక్సు తగిలే చోట పోతపోసిన నంబరు ముందే చూసుంటే తెలిసిపోయేది. రోజూ ఆఫీసులో "ఏ వెర్షన్?" అని అందర్నీ విసిగించే నేనే అది చూడలేదు.

సరే, ఖరీదు సంగతి. కంపెనీ నుంచి వచ్చే పళ్ళ చెయిను చప్పుడు చెయ్యదు, మామూలు డ్రైవింగుకి చాలా ఏళ్ళు వస్తుంది. కాకపోతే పాతవాటిలో కామ్ గేరు పళ్ళకి నైలాన్ ఉండేది. అది వయసైపోయి విరిగితే, ముక్కలు ఆయిల్ పంపు జల్లెడలో ఇరుక్కుంటాయి. అలాంటిది మళ్ళీ వెయ్యొద్దు. డబుల్ రోలర్ మంచిదే, అందులోనూ రోలర్లు నిజంగా తిరిగేది చూసుకోవాలి. అంతకుమించి బిల్లెట్ గేర్ల సెట్టు, గట్టి వాల్వు స్ప్రింగులేసి రేసుకెళ్ళేవాడికి. ట్రాఫిక్‌లో ఆఫీసుకెళ్ళేవాడికెందుకండీ? ఇక చెయినే లేని గేర్ డ్రైవ్‌ల ఈల కొందరికి సంగీతం, నాకు మాత్రం తలనొప్పి.

బ్లాకుకి మెయిన్ బేరింగుల దగ్గర లైన్ హోనింగ్ చేయించి ఉంటే మాత్రం, క్రాంక్ కొద్దిగా పైకి జరిగి కొత్త చెయిను కూడా వదులవుతుంది. దానికి 0.005 అంగుళం తక్కువ సెట్లు విడిగా అమ్ముతారు. ఇలాంటివాటి మీద పెట్టే డబ్బు గురించి నాకే పేచీ లేదు.

నన్నడిగితే, సెట్టులో ముఖ్యమైంది క్రాంక్ గేరుకుండే మూడు కీ గాళ్ళు: సున్నా, నాలుగు ముందుకి, నాలుగు వెనక్కి. రెండు గేర్ల చుక్కలూ ఎదురెదురుగా పెట్టి మూత బిగించెయ్యడం, టెస్ట్ చెయ్యకుండా రిలీజ్ చెయ్యడం లాంటిదే. ఈసారి సరైన సెట్టు, మధ్యరకం ధరలో తెప్పించి, డిగ్రీ వీల్ పెట్టి కొలిచాను. కామ్ కొస మీది నంబరు బట్టి దొరికిన కార్డులో ఇన్‌టేక్ సెంటర్‌లైన్ 110 డిగ్రీలు. చుక్కలు చక్కగా కలిసినా నాకొచ్చింది 113! నాలుగు ముందుకి గాడిలో మళ్ళీ బిగిస్తే 109. కింద ఆర్పీయమ్‌లో లాగడం తిరిగొచ్చింది.

మొదటి సెట్టు వెనక్కి తీసుకోమన్నారు, అప్పటికే నేను దానికి నూనె పూసేశాను మరి. బావ దాన్ని తన డెస్కు మీద పేపర్‌వెయిట్‌గా పెట్టుకుంటానంటున్నాడు.